నత్తకు నరుడిచ్చిన కాళ్లు

పని మందకొడిగా సాగినచో దానిని నత్తనడకతో పోల్చుట తెలుగువారికి వాడుక. బడికి ఆలస్యముగా వచ్చు బాలుడు మొదలుకొని, ఏండ్ల తరబడి ముగియని వంతెన పని వరకు ఈ పలుకుబడి చెల్లుచునే యున్నది. అయితే ఒక జాతి నత్త విషయమున ఈ మాట తలక్రిందులైనది. తూర్పు ఆఫ్రికా తీరమున పుట్టిన ఆ ప్రాణి నేడు ఆసియా, అమెరికా ఖండములందును, పసిఫిక్ మహాసముద్ర ద్వీపములందును కాపురముండుచున్నది. ఉప్పు తగిలినంతనే విలవిలలాడు ఈ నత్త ఇన్ని సముద్రముల నెట్లు దాటగలిగినది? అది నడచి రాలేదు. మానవుడే మోసికొని వచ్చెను.

దీనిని ఆఫ్రికా రాక్షస నత్త యందురు. పూర్తిగా ఎదిగినచో దీని చిప్ప పొడవు 20 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చును. ప్రతి నత్తయందును స్త్రీ పురుష లక్షణములు రెండును కలవు. ఒక్కొక్క విడతకు అది వందకు పైగా గ్రుడ్లు పెట్టును. ఎండలు ముదిరినపుడు చిప్ప మూతిని మూసికొని నేలలో దాగి, తొలకరి చినుకులతో మరల బయలువెడలును. అరటి, బొప్పాయి, కూరగాయలు మొదలుగా కొన్ని వందల రకముల మొక్కలు దీనికి ఆహారము. మనుష్యుల మెదడు పొరలకు వ్యాధి కలిగించు ఒక సూక్ష్మమైన పురుగు కూడ దీని దేహమున ఉండవచ్చును.

ఈ నత్త మొదట మడగాస్కరునకును, అచటినుండి మారిషస్ ద్వీపమునకును చేరెను. 1847లో విలియం బెన్సన్ అను నత్తల శాస్త్రజ్ఞుడు మారిషస్ నుండి కొన్నింటిని కలకత్తాకు తెచ్చెను. అవి చౌరంగీలోని ఒక తోటలో విడువబడెను. ఇందు దురుద్దేశమేమియు లేదు. ఉన్నది కుతూహలము మాత్రమే. కాని ఆ తోట గోడలు వాని నాపలేకపోయెను. మొక్కలతోపాటు, మట్టితోపాటు, బండ్లపై సరకులతోపాటు అవి ఊరినుండి ఊరికి పయనించెను. నేడు ఆంధ్రప్రదేశమునందలి తోటలలోను వర్షకాలమున ఇవి కానవచ్చుచున్నవి.

ఇట్టి కుతూహలమునకు వెల ఎంతయో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రము లెక్క కట్టి చూచినది. 1966లో ఒక బాలుడు హవాయి ద్వీపములనుండి మూడు నత్తలను మయామీ నగరమునకు తెచ్చెను. అతని అవ్వ వానిని తోటలో వదలిపెట్టెను. ఏడేండ్లలో దొరికిన నత్తలు 18,000కు మించెను. వానిని నిర్మూలించుటకు సుమారు పదిలక్షల డాలర్లు వ్యయమయ్యెను. 1975 నాటికి పని ముగిసినదని తలచిరి. కాని 2011లో అవి మరల కనబడెను. పదేండ్లు శ్రమించి 2021లో నిర్మూలనమైనదని ప్రకటింపగా, మరుసటి యేడే అదే రాష్ట్రమున వేరొక చోట బయటపడెను.

అంతకంటె విచారకరమైనది పసిఫిక్ ద్వీపముల కథ. రాక్షస నత్తను తినునను ఆశతో, తోటి నత్తలనే వేటాడు తోడేలునత్తను 1955లో ఫ్లారిడానుండి హవాయికి తెచ్చిరి. 1977లో తహితి సమీపమునందలి మూరెయా ద్వీపమునను దానిని విడిచిరి. అది పెద్ద నత్తను విడిచి, చెట్లపై వసించు చిన్నవైన దేశీయ నత్తలపై బడెను. ద్వీపవాసులు హారములుగా గ్రుచ్చుకొను అందమైన చిప్పలు ఆ నత్తలవే. పదేండ్లు గడచునప్పటికి మూరెయాలోని ఏడు జాతులును అడవిలో కనబడకుండ పోయెను. పైరునకు శత్రువైనది మిగిలెను. ఎవరికిని కీడు చేయనివి నశించెను.

ప్రాణులు స్థలము మారుట ప్రకృతికి క్రొత్త కాదు. గాలియు, ప్రవాహమును, పక్షుల రెక్కలును ఈ పని ఎప్పుడును చేయుచునే యున్నవి. కాని అది కడు మెల్లగా జరుగును. ఆ లోపల శత్రువులు, మిత్రులు కూడ సర్దుకొందురు. ఓడయు, విమానమును అట్టి గడువు నీయవు. మానవుని చేతలవలన క్రొత్త తావులకు చేరిన జీవజాతులు 37,000కు మించినవని 2023లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘ మొకటి తెల్పినది. వానిలో హానికరములు 3,500కు పైబడినవి.

మొక్కై వంగనిది మానై వంగునా? క్రొత్త ప్రాణిని రేవులోనే ఆపుట సులభము. ఊరెల్ల వ్యాపించిన పిమ్మట దుష్కరము. పరదేశమునుండి మొక్కనో, మట్టినో రహస్యముగా తెచ్చుటయు, పెంచి విసిగిన చేపను చెరువులో వదలుటయు చిన్న పనులవలె తోచును. మయామీ బాలునికిని అట్లే తోచినది.

అయినను నిరాశకు తావు లేదు. మూరెయా నత్తలలో కొన్నిటిని నశింపకముందే సేకరించి, లండన్ మొదలగు నగరముల జంతుశాలలలో కాపాడిరి. 2015 నుండి వాని సంతతిని విమానములపై స్వస్థలమునకు చేర్చుచున్నారు. అడవిలోనే పుట్టి పెరిగిన నత్తలు 2024లో అచట కనబడెను. వేటగాని నెత్తికొని వెళ్లిన చేతులే వేటకు బలియైన వానిని ఇంటికి చేర్చినవి. అయితే పదేండ్లలో జరిగిన నాశనమును సరిదిద్దుటకు నలుబదేండ్లు గడచినను, ఆ పని యింకను ప్రారంభదశ యందే యున్నది.