ఏఐ రచనా సహాయకం మారితే తెలుగుకు ఏమవుతుంది?

అడిగిన విషయంపై ఉత్తరం, వ్యాసం, కరపత్రం రాసిపెట్టే, రాసినదాన్ని దిద్దిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామే ఏఐ రచనా సహాయకం. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఇవి సామాన్యుల చేతికి అందాయి. 2023లో క్లాడ్, గూగుల్ బార్డ్ వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో బార్డ్ పేరు జెమినీగా మారింది. ఇవన్నీ తెలుగు రాస్తాయి. ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవడానికి కొత్త ఖాతా తెరిస్తే చాలు. రాత మాత్రం వెంటనే కుదురుకోదు. ఇందుకు మూడు కారణాలున్నాయి.

ముక్కల లెక్క

మొదటి కారణం ముక్కలు. సహాయకం లోపల పనిచేసే భాషా నమూనా వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొడుతుంది. తర్వాత ఏ ముక్క రావచ్చో లెక్కకట్టుకుంటూ రాసుకుపోతుంది. ‘మిర్చి’ కంటికి రెండక్షరాలే. యూనికోడ్‌లో అది మ, గుడి, ర, పొల్లు, చ, గుడి అనే 6 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి గనుక మొత్తం 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు సరిపోతుంది. టోకెన్ల పట్టిక ఎక్కువగా ఇంగ్లీషు పాఠంతో తయారైతే తెలుగు మాటలు మరీ చిన్న ముక్కలవుతాయి. 2024 మే నెలలో జీపీటీ-4ఓను విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ ఒక పోలిక ఇచ్చింది. అందులోని తెలుగు పాఠానికి పాత పట్టికలో 159 టోకెన్లు పడితే, కొత్త పట్టికలో 45 పడ్డాయి. అదే పాఠం ఇంగ్లీషులో 27 నుంచి 24కు తగ్గింది. సహాయకం ఒకేసారి ఎంత పాఠాన్ని గుర్తుంచుకోగలదో టోకెన్లలోనే కొలుస్తారు. అందుకే ఒకదానిలో ఇమిడిన తెలుగు పాఠం మరొకదానిలో ఇమడకపోవచ్చు.

పొలం మాటల పరీక్ష

రెండో కారణం శిక్షణ. నమూనా తాను చదివిన పాఠం నుంచే మాటలు నేర్చుకుంటుంది. ఉదాహరణకు గుంటూరు, ప్రకాశం జిల్లాల సేద్యపు మాటలు ఇంటర్నెట్‌లో తక్కువ. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే అది పైముడత, తామర పురుగుల పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి వల్ల వస్తుంది. రెండింటికీ కొట్టే మందులు వేరు. 2021-22లో నల్ల తామర పురుగు ఈ జిల్లాల మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. అలాంటి ఏడాది కరపత్రంలో రెండు ముడతలూ కలిసిపోతే రైతు మందు ఖర్చూ పోతుంది, పంటా పోతుంది. గుంటూరు మిర్చి యార్డు వార్తల్లో 334, తేజ అనేవి రకాల పేర్లు, టిక్కీ అంటే మిర్చి బస్తా. 334ను ధరగానో బస్తాల లెక్కగానో రాసే సహాయకం ఈ ప్రాంతానికి పనికిరాదు. భాష ఎంత సాఫీగా ఉన్నా ముందు ఇలాంటి వాక్యాలతో పరీక్షించాలి.

వెంట వచ్చేవి, రానివి

మూడో కారణం జ్ఞాపకం. సంభాషణ సాగుతుండగా నమూనా లోపలి లెక్కలు మారవు. పాత సహాయకం ‘అలవాటు పడింది’ అనిపించడానికి కారణం ఖాతాలో దాచిన సూచనలు, గుర్తులు, వెనకటి సంభాషణలు. కొత్త సహాయకానికి అవి వాటంతటవే చేరవు. చాట్‌జీపీటీ, క్లాడ్, జెమినీల నుంచి సంభాషణలను దించుకోవచ్చు. అయితే ఆ గుట్టంతా కొత్తదానికి ఇవ్వడం కన్నా మూడింటిని ఇస్తే మేలు: స్థానిక పదాల జాబితా, బాగా కుదిరిన రెండు మూడు రచనలు, రాతకు పెట్టుకున్న నియమాలు. రైతును ‘మీరు’ అనాలా, కొలతలు ఎకరాల్లో ఇవ్వాలా, దిగుబడి క్వింటాళ్లలో చెప్పాలా అన్నవి ఆ నియమాల్లో ఉండాలి.

పాత డీటీపీ ఫైళ్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. లేకుంటే కొత్త సహాయకానికి అవి అర్థంలేని గుర్తులుగానే అందుతాయి. కొన్నాళ్లు ఒకే పనిని పాత, కొత్త సహాయకాలు రెండింటికీ అప్పగించి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. పాత ఖాతాను మూసేముందు అందులో రైతుల ఫోన్, బ్యాంకు వివరాలుంటే తుడిచేయాలి.

పదాల జాబితా, బాగా కుదిరిన రచనలు, నియమాలు సొంత ఫైళ్లలో ఉంటే ఎప్పుడు ఏ సహాయకానికి మారినా నష్టం తక్కువ. మందు పేరు, మోతాదు మాత్రం ఏ సహాయకం రాసినా గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతోనో, ఊళ్లోని రైతు సేవా కేంద్రంలోనో సరిచూసుకున్నాకే అచ్చుకివ్వాలి.