‘టిక్’... ఓ ప్రాణ రక్షణ!

తాళంచెవి తిప్పితే ‘టిక్’. ఇండికేటర్ వేస్తే ‘టిక్’. కారు అద్దం దించే బటన్ నొక్కినా అంతే. రోజూ వినేదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ స్విచ్చి సరిగ్గా పనిచేయడానికి కర్మాగారంలో పెద్ద తతంగమే జరుగుతుంది. అందులో తేడా వస్తే ప్రాణాలే పోతాయి.

తాళంచెవితో తిరిగే స్విచ్చిని విప్పితే లోపల కనిపించేవి కొన్నే... కరెంటును కలిపే లోహపు పలకలు, చిన్న స్ప్రింగు, అది నెట్టే ఓ బుడిపె. తాళంచెవి తిప్పినప్పుడు బుడిపె ఒక గాడిలోంచి లేచి పక్క గాడిలో పడుతుంది. ‘టిక్’మనేది అప్పుడే. మళ్లీ బలంగా తిప్పేదాకా తాళంచెవిని కదలనివ్వనిదీ ఆ బుడిపే.

తిరిగే బల్ల!

ఇలాంటి స్విచ్చిలు లక్షల్లో కావాలి. అందుకే చాలా కర్మాగారాల్లో వాటిని బిగించే పని యంత్రాలదే. గుండ్రటి బల్ల కొంచెం తిరిగి ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఆగిన ప్రతిచోటా ఒక పని. పక్కనే వణుకుతూ ఉండే గిన్నెలోంచి స్ప్రింగులు మెట్లెక్కినట్టు వరసగా పైకి వస్తాయి. తలకిందులుగా వచ్చినవి జారి మళ్లీ గిన్నెలోనే పడతాయి. ఒకచోట గ్రీజు చుక్క పడుతుంది. మరోచోట కెమెరా అన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది.

అసలు పరీక్ష ఆ తర్వాతే. మోటారు చెయ్యి స్విచ్చిని తిప్పుతుంటే ఏ కోణంలో ఎంత బలం పట్టిందో కంప్యూటర్ గీత గీస్తుంది. గీత కొండలా లేచి లోయలా దిగాలి. కొండ ఎత్తు తగ్గితే స్విచ్చి వదులని అర్థం. తర్వాత కరెంటు పంపి, పలకల దగ్గర ఎన్ని మిల్లీవోల్టులు పోతున్నాయో కొలుస్తారు. ఎక్కువ పోతే అక్కడ వేడెక్కుతుందన్నమాట. తప్పినవి విడిగా పెట్టెలోకి, నెగ్గినవి నంబరు వేయించుకుని బయటికి!

కొలత తప్పితే...

ఇంత చాదస్తం ఎందుకు అనుకునేవాళ్లకు అమెరికాలోని జనరల్ మోటార్స్ కథే జవాబు. ఆ సంస్థ చిన్నకార్ల ఇగ్నిషన్ స్విచ్చి తిరగడానికి కనీసం 15 న్యూటన్ సెంటీమీటర్ల బలం పట్టాలి. అంటే 10 సెంటీమీటర్ల పుల్ల చివర 150 గ్రాముల బరువు వేలాడదీసినంత. పరీక్షల్లో స్విచ్చి ఆ మాత్రం కూడా ఆగలేదు. అయినా 2002లో సంస్థ ఇంజినీరు దానికి ఆమోదం తెలిపాడు.

ఫలితం... కారు గతుకులో పడినా, డ్రైవరు మోకాలు తగిలినా తాళంచెవి వెనక్కి తిరిగిపోయేది. ఇంజిన్ ఆగిపోయేది. స్టీరింగ్ బరువెక్కేది. ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు.

2006లో పొడవైన స్ప్రింగు, బుడిపె పెట్టి స్విచ్చిని మార్చారు. కానీ విడిభాగం నంబరు మార్చలేదు! దాంతో ఏది పాతదో, ఏది కొత్తదో పైకి తెలియకుండా పోయింది. ఓ బాధిత కుటుంబం తరఫు నిపుణుడు రెండింటినీ విప్పి పక్కపక్కన పెట్టి చూశాక తేడా బయటపడింది. 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి లెక్కతేల్చిన మృతులు 124 మంది. 2015లో అమెరికా ప్రభుత్వానికి 90 కోట్ల డాలర్లు చెల్లించడానికి సంస్థ ఒప్పుకుంది.

యంత్రం ఎంత కచ్చితంగా కొలిచినా ‘ఇది పనికిరాదు’ అన్నప్పుడు వినాల్సింది మనిషే.

కొత్త స్విచ్చి బిగించేదాకా తాళంచెవికి మరేమీ తగిలించవద్దని జనరల్ మోటార్స్ అప్పట్లో యజమానులకు చెప్పింది. బీరువా తాళాలు, దేవుడి బిళ్లలు, బొమ్మలు అన్నీ కలిపి కారు తాళంచెవికి వేలాడదీసేవాళ్లు ఆ గుత్తిని కాస్త తేలిక చేసుకోవడం మంచిదే. తాళంచెవి ‘టిక్’మనకుండా వదులుగా తిరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా మెకానిక్‌కి చూపించాలి.