కవర్లో ఆకు, పెట్టెలో తోట: మీకు తెలుసా?

ఒక మొక్క ఊరు దాటాలంటే ఏం కావాలి? కుండీనా? బస్తాడు మట్టా? లారీనా? ఒక్కోసారి ఒక కవరూ, ఒక ఆకూ చాలు! మొక్కల ప్రయాణాల గురించీ, వాటిని కట్టి పంపే నేర్పు గురించీ ఏరి తెచ్చిన వింతలివి. ఎక్కడినుంచైనా మొదలుపెట్టి చదవచ్చు.

● రణపాల ఆకును పుస్తకంలో పెట్టి మర్చిపోయినా, అంచున ఉన్న గాట్లలోంచి బుల్లి మొక్కలు బయల్దేరతాయి! మడగాస్కర్ నుంచి లోకమంతా పాకిన ఈ మొక్కంటే జర్మన్ మహాకవి గోథేకి ప్రాణం. 1826లో ఆయన దీని ఆకులకు ఒక చిన్న కవిత జతచేసి స్నేహితురాలికి పంపాడు. అంటే ఆకును టపాలో పంపే సరదాకి రెండు వందల ఏళ్ల వయసు!

● కిటికీల్లో ఊదారంగు పూలు పూసే ఆఫ్రికన్ వయొలెట్‌కి ఒక్క ఆకే విత్తనం! కాడతో సహా కోసి గుచ్చితే, నెలా రెండు నెలల్లో కాడ మొదట్లో పిల్లలు తేలతాయి. ఒక్కటి కాదు, తరచూ మూడో నాలుగో! ఇవాళ్టి టాంజానియాలోని ఉసాంబరా కొండల్లో 1892లో దీన్ని చూసిన జర్మన్ అధికారి, జర్మనీలో ఉన్న తండ్రికి పంపాడు. అలా మొదలైంది దీని లోకసంచారం.

● రెక్స్ బిగోనియా ఆకునైతే పంపాక కూడా ముక్కలు చేసుకోవచ్చు! తపాలా బిళ్ల సైజు ముక్క చాలు, అందులో ఒక పెద్ద ఈనె ఉంటే అక్కడినుంచే వేరూ మొలకా పుడతాయి.

● ఒక చిక్కు ప్రశ్న. హృదయం ఆకారంలో ఒకే ఒక్క ఆకు కుండీలో నిలబడి ఉండే హోయా మొక్కను కానుకల దుకాణాల్లో చూశారా? అది ఎన్నేళ్లకు తీగ సాగుతుంది? చాలావాటి విషయంలో జవాబు: ఎన్నటికీ సాగదు! ఆకుకు వేళ్లు వస్తాయి, ఏళ్ల తరబడి పచ్చగానూ ఉంటుంది. కానీ కణుపు ముక్క వెంట రాకపోతే కొత్త చిగురు పుట్టే చోటే దానికి ఉండదు.

● మనీ ప్లాంటుదీ అదే షరతు: కణుపు లేని ఆకు నీళ్లలో వేళ్లు వేసినా తీగ కాదు. ఇంతకీ మీరు దాని పువ్వును ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు! పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా దీవి దీని పుట్టిల్లు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును తయారుచేసే జన్యువు దీనిలో సరిగా పనిచేయడం లేదని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. మరి పూతా విత్తనమూ లేకుండా ప్రతి ఊళ్లోకీ ఎలా వచ్చింది? తీగ ముక్కగా, చేతులు మారుతూ!

● పసుపు అంచున్న స్నేక్ ప్లాంటు ఆకు ముక్కను మీకెవరైనా పంపితే, దానినుంచి వచ్చే పిల్లకు పసుపు అంచు ఉండదు! ఆ రంగు ఆకు అంచు కణాల్లోనే ఉంటుంది. కొత్త మొక్క లోపలి పచ్చ కణాల్లోంచి పుడుతుంది. అంచు కావాలంటే వేరున్న పిలకనే అడగాలి.

● అదే ఆకు ముక్కను తలకిందులుగా గుచ్చితే వేళ్లే రావు! పైదేదో కిందిదేదో ముక్కకు తెలుసు, అందుకుని చూసుకునే మనకే తెలియదు. అందుకే తెలిసినవాళ్లు కింది కొసను ఏటవాలుగా కోసి పంపుతారు.

● వేళ్లు పీల్చిన నీళ్లలో నూటికి 97 పాళ్లకు పైగా ఆకుల్లోంచి ఆవిరైపోతాయి! మొక్క తన కోసం ఉంచుకునేది రెండు మూడు పాళ్లే. కట్ట కట్టి పంపే విద్య అంతా ఈ ఆవిరిని ఆపడం కోసమే.

● అలాగని తడిపి పంపితే? అదే పెద్ద ప్రమాదం! గాలాడని చీకటి పెట్టెలో మొక్క ఎండిపోవడం కన్నా ముందు కుళ్లిపోతుంది. ముందురోజే నీళ్లు పోసి, కట్టే పూట ఆకుల్ని పొడిగా ఉంచాలి. కోసిన ఆకైతే కాడ కొసకు మాత్రం తడిపి గట్టిగా పిండిన కాగితం చుట్టి, దానికి చిన్న ప్లాస్టిక్ కవరు తొడగాలి. ఆకు పొడిగా, కాడ చెమ్మగా: ఇంతే రహస్యం!

● ఎడారి మొక్కలకు ఆ చెమ్మ కూడా వద్దు! కాక్టస్ ముక్కను కోశాక కొన్ని రోజులు నీడలో వదిలేస్తే కోత మీద పొర గట్టిపడుతుంది. ఆ తర్వాత పొడి కాగితంలో చుట్టేస్తే వారాల తరబడి ప్రయాణం చేసినా చెక్కుచెదరదు.

● అసలు మట్టే అక్కర్లేని టిలాండ్సియాలది ఇంకా సుఖం. చెట్టుకొమ్మల మీద కూర్చుని ఆకులతోనే గాలిలోని తేమను పీల్చుకునే ఈ మొక్కలు వట్టి అట్టపెట్టెలో హాయిగా వెళ్లిపోతాయి.

● మొక్క వేళ్లకు చుట్టే స్ఫాగ్నమ్ నాచు తన బరువుకు 20 రెట్ల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది! పైగా సూక్ష్మజీవులు అందులో తేలిగ్గా పెరగలేవు. ఈ రెండు గుణాలూ చూసే మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల గాయాలకు దీన్ని దూదికి బదులు కట్టారు. 1918 నాటికి బ్రిటన్ నుంచి నెలకు పది లక్షల నాచుకట్లు వెళ్లేవి!

● మొక్కల పార్సిల్లో ప్రేమగా నాలుగు పండిన అరటిపళ్లు కూడా పెట్టారా? ఆకులు పండిపోయి రాలిపోవచ్చు! పండే కాయల్లోంచి వచ్చే ఇథిలిన్ వాయువు, ఆకు కాడను వీడిపొమ్మనే సంకేతం కూడా. ఒకప్పుడు వీధిదీపాల గ్యాసు కారినచోట చెట్ల ఆకులు రాలేవి. ఆ గ్యాసులో మొక్కల్ని బాధించేది ఇథిలినే అని 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్ కనిపెట్టాడు.

● చలిదేశాల్లో మొక్కల పెట్టెలో తుప్పు పట్టే ఇనుమును పెడతారు! హీట్ ప్యాక్ సంచిలో ఉండేది ఇనుప పొడే. గాలి తగిలి తుప్పు పట్టేకొద్దీ వేడి పుడుతుంది, కొన్ని రకాల్లో అది 72 గంటల దాకా ఉంటుంది.

● ఇప్పుడు ఓడల కాలానికి వెళ్దాం. చైనా నుంచి ఇంగ్లండుకు వెయ్యి మొక్కలు ఎక్కిస్తే ఎన్ని బతికేవో చెప్పుకోండి చూద్దాం! ఐదొందలా? వందా? కాదు, ఒక్కటి! జాన్ లివింగ్‌స్టన్ అనే వైద్యుడు 1819లో కట్టిన లెక్క ఇది. ఉప్పునీటి తుంపర, మంచినీటి కరువు, నెలల తరబడి సాగే ప్రయాణం మిగతా 999నీ తినేసేవి.

● ఆ లెక్కను తిరగరాసింది ఒక పురుగు గూడు! లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ 1829లో, సీతాకోకకు దగ్గర చుట్టమైన ఒక రెక్కలపురుగు ఎలా బయటికొస్తుందో చూద్దామని, దాని గూడును తడిమట్టితో గాజుసీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతి అటుంచి, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్కా, కాస్త గడ్డీ మొలిచాయి! పగలు ఆవిరైన నీరు గాజుకు తగిలి మళ్లీ మట్టిలోకే దిగేది. చుక్క నీరు పోయకుండా దాదాపు నాలుగేళ్లు బతికాయవి.

● వార్డ్ అక్కడితో ఆగలేదు. 1833లో రెండు గాజుపెట్టెల నిండా మొక్కలు నాటి సిడ్నీకి ఓడలో పంపాడు. అన్నీ దాదాపు క్షేమం! తిరుగు ప్రయాణంలో అవే పెట్టెల్లో ఆస్ట్రేలియా మొక్కలొచ్చాయి. ఎనిమిది నెలల ఆ దారిలో ఒకచోట డెక్ మీద అడుగు మందాన మంచు, మైనస్ 7 డిగ్రీల చలి, మరోచోట 49 డిగ్రీల ఎండ. పెట్టె తెరిస్తే లోపల తోట పచ్చగా ఉంది! ఒకప్పుడు ఇరవైలో పంతొమ్మిది చచ్చేవని, ఇప్పుడు ఇరవైలో పంతొమ్మిది బతుకుతున్నాయని లండన్ నర్సరీ యజమాని లాడిజెస్ సంబరపడ్డాడు. నాకు తెలిసిన పార్సిళ్లన్నింటిలో ఇదే గొప్పది!

● మన టీకప్పు వెనకా ఆ వార్డ్ గాజుపెట్టే ఉంది. మొక్కల అన్వేషకుడు రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి సుమారు 20,000 తేయాకు మొక్కల్ని అందులోనే హిమాలయాలకు పంపాడు. కొన్ని విత్తనాలనైతే పెట్టె మట్టిలోనే చల్లాడు, సముద్రం మీదే మొలకెత్తాయి!

● 1876లో బ్రెజిల్ నుంచి లండన్‌లోని క్యూ తోటకు 70,000 రబ్బరు గింజలు చేరితే, మొలిచినవి నూటికి నాలుగు కూడా లేవు! నూనె ఎక్కువున్న ఆ గింజలు త్వరగా చెడిపోతాయి. మిగిలిన మొలకల్లో సుమారు 1,900 మొక్కలు 38 గాజుపెట్టెల్లో సిలోన్‌కు బయల్దేరాయి.

● ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటున్నారా? క్యూ తోటకు చివరి వార్డ్ పెట్టె ఫిజీ నుంచి వచ్చింది 1962లో!

● బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో కెప్టెన్ ఉండాల్సిన పెద్ద గదిని మొక్కలకు ఇచ్చేశారు! తాహితి నుంచి ఎక్కించిన 1,015 సీమపనస మొక్కల కోసం ఆ ఏర్పాటు. 1789లో నావికులు తిరగబడి కెప్టెన్ బ్లైను పడవలో వదిలేశారు, మొక్కల్ని సముద్రంలో పారేశారు. ఆయన పట్టు వదలకుండా మరో ఓడలో వెళ్లి, 1793లో వెస్టిండీస్‌కు సీమపనసను చేర్చనే చేర్చాడు.

● సుమారు 1723లో కాఫీ మొక్కను మార్టినిక్ దీవికి తీసుకెళ్తున్న ఫ్రెంచి అధికారి ద క్లియూ, ఓడలో నీటికి కటకటైనప్పుడు తన వంతు తాగునీటిలోంచే దానికి పోశానని రాసుకున్నాడు. ఎంత ప్రేమ!

● మొక్కల్నీ విత్తనాల్నీ ఎలా కట్టి తేవాలో చెబుతూ జాన్ ఎల్లిస్ 1770లో ఒక చిన్న పుస్తకం వేశాడు. దాని చివర ఏముందో తెలుసా? ఈగల్ని పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క బొమ్మా వర్ణనా!

● 1562లో ఆంట్వెర్ప్ వర్తకుడొకాయన బట్టల సరుకుతో వచ్చిన తులిప్ దుంపల్ని ఉల్లిపాయలనుకుని, కాల్చి నూనె, వెనిగర్ వేసుకుని తినేశాడు! మిగిలినవి పెరట్లో పాతాడు. కట్ట మీద పేరు రాయకపోతే ఇంతే మరి.

● మన సామర్లకోటకూ ఈ కథలో చోటుంది! వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో అక్కడి తోటలో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్కలాంటి పరాయి మొక్కల్ని పెంచి చూశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లాక ఆయన చేర్చిన సంపద ఎంతంటే, 1814లో అచ్చైన జాబితాలో సుమారు మూడున్నర వేల జాతులు!

● మనం తినే పొట్టి పచ్చ అరటి కూడా ప్రయాణికురాలే! మారిషస్ నుంచి ఇంగ్లండు వెళ్లి, ఒక జమీందారు గాజు తోటలో 1830ల్లో కాయలు కాసి, అక్కడినుంచి పెట్టెల్లో సమోవా దీవులకు చేరింది. పిలకతో పెరిగే మొక్కకు గింజ అవసరం లేదు కదా.

● మనవాళ్ల నేర్పు చూడాలంటే గోదావరి సీమలోని కడియం, కడియపులంక వెళ్లండి. దేశం నలుమూలలకూ అక్కడినుంచి లారీల కొద్దీ మొక్కలు వెళ్తాయి. పెద్ద మొక్కల్ని వేరు చుట్టూ ఉన్న మట్టి గడ్డతో సహా తవ్వి బిగించి కడతారు, ఎందుకంటే గడ్డ పగిలితే నీళ్లు పీల్చే సన్నని వేళ్లు తెగిపోతాయి.

● చైనా మనీ ప్లాంటు అనే గుండ్రటి ఆకుల పిలియా వేలాది ఇళ్లలో పెరుగుతున్నా, 1970ల దాకా యూరప్ శాస్త్రవేత్తలకు అదేమిటో తెలియదు! నార్వే మతబోధకుడు ఎస్పెగ్రెన్ దాన్ని చైనా నుంచి పట్టుకొచ్చాడు. దారిలో మన కలకత్తాలో దాదాపు ఏడాది ఉంచి, 1946లో ఇంటికి చేర్చాడు. ఆ తర్వాత దుకాణం మొహం చూడకుండా స్నేహితుల నుంచి స్నేహితులకు పిలకలుగానే పాకింది.

● 1910లో జపాన్ వాషింగ్టన్‌కు కానుకగా పంపిన 2,000 చెర్రీ చెట్లను తగలబెట్టేశారు! వాటిలో పురుగులూ, వేళ్లలో నులిపురుగులూ కనిపించాయి. జపాన్ నొచ్చుకోకుండా 1912లో ఆరోగ్యమైన 3,020 చెట్లు పంపింది.

● మొక్కల తెగుళ్ల మీద దేశాలు చేసుకున్న తొలి ఒప్పందానికి కారణం ఒక బుల్లి పురుగు! అమెరికా ద్రాక్ష తీగలతో యూరప్ చేరిన ఫిలోక్సెరా ద్రాక్షతోటల్ని నాశనం చేస్తుంటే, 1878లో బెర్న్ నగరంలో సంతకాలయ్యాయి.

● విదేశీ సరుకు వచ్చిన చెక్కపెట్టె మీద గోధుమ వెన్ను ముద్ర చూశారా? హెచ్‌టీ అన్న అక్షరాలు కూడా ఉంటే, ఆ చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి చేరి 30 నిమిషాలు ఉందని అర్థం. లోపలి పురుగులు చావాలి కదా!

● కరివేపాకు నిమ్మకు చుట్టం! ఆ చుట్టరికమే అమెరికాలో మన తెలుగువాళ్లకు చిక్కు తెచ్చింది. మూడు నాలుగు మిల్లీమీటర్ల సిట్రస్ సిల్లా పురుగు కరివేప మీద కూడా కాపురం పెడుతుంది. అదే నిమ్మ, నారింజ తోటల్ని చంపే గ్రీనింగ్ తెగులును మోస్తుంది. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడింది. అక్కడినుంచి కాలిఫోర్నియాలో ఉన్న చెల్లెలికి కరివేప మొక్క పోస్టు చేద్దామంటే నిబంధనలు ఒప్పుకోవు.

● 2020లో అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ జనానికి అడగని విత్తనాల పొట్లాలు పోస్టులో వచ్చాయి! నాటవద్దు, మాకు పంపండని వ్యవసాయశాఖ చెప్పింది. మన దేశంలోకైతే అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విదేశీ మొక్కలు రాకూడదు.

● అంతర్జాతీయ వ్యాపారంలో కాపాడాల్సిన జాతుల పట్టికలో సుమారు 40,000 పేర్లున్నాయి. జంతువులెక్కువా, మొక్కలెక్కువా? మొక్కలే, అదీ ఎన్నో రెట్లు! ఆర్కిడ్ల కుటుంబం మొత్తం అందులో ఉంది.

● మొక్కలు పంపడానికి మంచి రోజు సోమవారం! వారం చివర పంపితే ఆదివారమంతా ఏ గోదాములోనో ఉక్కపోతలో పడి ఉంటుంది. అంటించేముందు పెట్టెను ఒకసారి ఊపి చూడండి, లోపల చప్పుడు రాకూడదు.

● ఆఫ్రికన్ వయొలెట్ పెంచేవాళ్లు రకం పేరును చీటీ మీద కాదు, ఆకు మీదే పెన్నుతో రాసి పంపుతారు! చీటీ ఊడిపోవచ్చు, ఆకు మీది అక్షరం ఊడదు. మీరూ ఎవరికైనా ఆకు పంపేటప్పుడు దాని పేరు రాయడం మరవకండి.