గ్రామమున చిన్న వెబ్‌సైటు: నిర్వహణ, ప్రచారము

ఊరి కబురు ఒకప్పుడు రచ్చబండ వద్దను, చావడి గోడమీదను, దండోరా మూలమునను తెలియుచుండెడిది. నేడు అదే కబురును జనులు చేతిలోని ఫోనులో వెదకుచున్నారు. చేనేత కార్మికుడు, విత్తనములు పండించు రైతు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, పంచాయతీ సభ్యుడు, వీరిలో ఎవరైనను స్వల్ప వ్యయముతో స్వంత వెబ్‌సైటును ఏర్పరచుకొనవచ్చును. ఈ విషయమున గ్రామస్థులు మొదట సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే. కావున సభ్యులు తెలిసికొనదగిన కొన్ని సంగతులను ఇచట వివరించుచున్నాము.

వెబ్‌ను 1989లో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధన సంస్థలో ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ దానిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించెను. అందువలననే గొప్ప సంస్థలతోపాటు సామాన్యుడు కూడ అందు తన పుటను నిలుపుకొనగలుగుచున్నాడు. అయితే చెరువు త్రవ్వించుట ఒక యెత్తు, ఏటేట పూడిక తీయించుట మరియొక యెత్తు. వెబ్‌సైటు విషయమును అట్టిదే. చిన్న వెబ్‌సైటునకు దాని చక్కని నిర్వహణమే మొదటి ప్రచారము.

పేరు ఎవరి స్వాధీనమున నున్నది?

వెబ్‌సైటు చిరునామాను డొమైన్ అందురు. దీనిని శాశ్వతముగా కొనుటకు వీలులేదు. ఏడాదికో, కొన్ని ఏండ్లకో రుసుము చెల్లించి నమోదు చేసికొనవలెను. మన దేశమునకు చెందిన ‘.ఇన్’ పేర్లను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా నిర్వహించుచున్నది. తెలుగు లిపిలో ‘.భారత్’ అను చివరతో కూడ పేరు పొందవచ్చును. కాని తెలుగు టైపు చేయుట రాని వారికొరకు ఆంగ్ల లిపి పేరు కూడ ఉండుట మేలు.

ఇందు జరుగు నష్టము తరచుగా ఒకే రీతిగా నుండును. వెబ్‌సైటు తయారుచేసిన పట్టణపు యువకుడు డొమైనును తన పేరనే, తన ఈ-మెయిలుతోనే నమోదు చేయును. రెండేండ్ల తరువాత అతడు వేరు ఉద్యోగమునకు పోవును. గడువు తీరుచున్నదను హెచ్చరికలు అతనికే చేరును గాని వెబ్‌సైటు యజమానికి చేరవు. గడువు దాటిన పేరును విడిపించుకొనుటకు కొంత వ్యవధి ఉన్నను రుసుము అధికమగును. ఆ వ్యవధియు దాటినచో పేరును ఎవరైనను తీసికొనవచ్చును. అప్పుడు నేతగాని చిరునామాలో జూదపు ప్రకటనలు కనిపించినను ఆశ్చర్యము లేదు. కావున నమోదు యజమాని పేరనే జరుగవలెను. సంకేతపదమును ఇంటిలో మరియొక నమ్మకస్థునికి కూడ తెలియునట్లు భద్రపరచవలెను. గడువు తేదీని ఇంటి పంచాంగముపై గుర్తు పెట్టుకొనవలెను.

తెలుగులో, తేలికగా

ఊరివారికొరకు వ్రాయునది తెలుగులో నుండుట న్యాయము. అక్షరములు యూనికోడ్ విధానమున నుండవలెను. అచ్చు పనికి వాడు పాత ఫాంట్లలో వ్రాసినది ఇతరుల ఫోనులో అర్థములేని గుర్తులుగా మారును. ప్రకటనను కాగితముపై వ్రాసి, ఫోటో తీసి పెట్టుట అనేకుల అలవాటు. ఫోటోలోని మాటలు వెదకువారికి సులభముగా దొరకవు. చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనములకును అవి సరిగా అందవు.

బరువును కూడ గమనింపవలెను. రెండువేల మాటల తెలుగు వ్యాసము సుమారు 50 కిలోబైట్లు మాత్రమే. ఫోనుతో తీసిన ఒక్క చిత్రము తరచుగా 3 మెగాబైట్లు, అనగా అట్టి వ్యాసములు అరువదింటి బరువు. సిగ్నలు బలహీనముగా నున్న తండాలో ఆ పుట తెరచుకొనులోపలనే చూచువాని ఓపిక తీరును. చిత్రములను 1000 పిక్సెళ్ల వెడల్పునకు తగ్గించి పెట్టినచో ఈ ఇబ్బంది చాలవరకు తీరును. పుటలు భద్రముగా చేరుటకు కావలసిన ‘హెచ్‌టిటిపిఎస్’ ధ్రువపత్రము నేడు ఉచితముగానే లభించుచున్నది. దానికై వేలు అడుగువారిని నమ్మనక్కరలేదు.

తేదీ లేని ప్రకటన

“వచ్చు సోమవారము పశువైద్య శిబిరము” అని వ్రాసి, తేదీ వేయక విడిచినారనుకొందము. ఆరు నెలల పిదప ఎవరో దానిని చదివి, జబ్బు చేసిన గేదెను నాలుగు మైళ్లు నడిపించుకొని వచ్చిన యెడల, ఆ శ్రమకు బాధ్యులెవరు? ప్రతి ప్రకటనకు తేదీ, నెల, సంవత్సరము ఉండవలెను. పని ముగిసిన వెంటనే “ముగిసినది” అని వ్రాయవలెను. ఒకసారి మోసపోయిన పాఠకుడు మరల రాడు.

ప్రచారము ఎట్లు?

కొత్తపల్లి, రామాపురము వంటి పేర్లుగల ఊళ్లు మన రాష్ట్రములలో ఎన్నో కలవు. కావున ప్రతి పుట శీర్షికలో ఊరిపేరుతోపాటు మండలము, జిల్లా పేర్లను చేర్చవలెను. “మా నేత” అనుటకంటె ఏ నూలు, ఏ నెంబరు, చీరకు ఎన్ని దినములు పట్టును, వెల యెంత అను వివరములు వ్రాసినచో కొనువారికి దారి తెలియును. ఇతరులెవ్వరును వ్రాయని సంగతులే చిన్న వెబ్‌సైటునకు బలము. ఊరి చెరువుల పేర్లు, జాతర తేదీ, బస్సు వేళలు, అచటి నేలకు నప్పిన వంగడములు ఇట్టివి.

గూగుల్ వారి ‘సెర్చ్ కన్సోల్’ అను ఉచిత సౌకర్యమున నమోదు చేసికొన్నచో, ఏ మాటలు వెదకి జనులు వచ్చుచున్నారో తెలియును. జనన ధ్రువపత్రమును గూర్చి పలువురు వెదకుచున్నచో, దానిని పొందు విధానముపై ఒక పుట వ్రాయవచ్చును. “మిమ్ము మొదటి స్థానమున నిలిపెదము” అని సొమ్ము అడుగు దళారులు కలరు. అట్టి హామీ ఎవ్వరును ఈయజాలరని గూగుల్ వారే చెప్పుచున్నారు.

చిరునామాను గ్రంథాలయము, పాల కేంద్రము, బస్సు నిలుచు చోటు వంటి తావులలో అనుమతితో వ్రాయింపవలెను. పొరుగూరి వెబ్‌సైట్లతో పరస్పరము లంకెలు ఇచ్చుకొనవలెను. వాట్సాప్ బృందములకు వారమునకొకసారి, కొత్త సంగతి ఉన్నప్పుడే పంపవలెను. హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను ఉన్న ఊరివారు ఇట్టి పుటలను ప్రీతితో చదువుదురు, నలుగురికి చెప్పుదురు.

వ్రాయరాని సంగతులు

ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, లబ్ధిదారుల ఫోను నెంబర్లు ఎన్నడును ప్రకటింపరాదు. పిల్లల చిత్రములను తలిదండ్రుల అనుమతి లేక పెట్టరాదు. వ్యక్తుల సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చట్టము చేసియున్నది. సభ్యుని స్వంత వెబ్‌సైటు పంచాయతీ అధికార వెబ్‌సైటువలె కనిపింపరాదు. రాజచిహ్నమును అందు వాడరాదు. పంచాయతీ లెక్కలకు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ‘ఈ-గ్రామ్‌స్వరాజ్’ కలదు. అంకెలను తిరిగి వ్రాయుటకంటె దానికి లంకె ఇచ్చుట క్షేమము.

నకలు లేనిది నమ్మరాదు

1994లో అమెరికాలో మొదలైన జియోసిటీస్ అను సేవలో అసంఖ్యాకులు ఉచితముగా స్వంత పుటలు కట్టుకొనిరి. 2009 అక్టోబరులో యాజమాన్యము దానిని అచట మూసివేసెను. కొందరు ఔత్సాహికులు కాపాడగలిగినంతవరకే ఆ పుటలు మిగిలినవి. పరుల ఇంట దాచిన ధాన్యమునకు మన తాళము వర్తింపదు. కావున మూడు నెలలకొకసారి పుటలన్నింటి నకలును ఇంటి కంప్యూటరులోను, ఒక పెన్‌డ్రైవులోను ఉంచుకొనవలెను. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ‘వేబ్యాక్ మెషిన్’లో కూడ పుటను ఉచితముగా భద్రపరుపవచ్చును.

ఇందు పెద్ద చదువుగాని, పెద్ద పెట్టుబడిగాని అవసరమైనది లేదు. నెలకు రెండు గంటలు కేటాయించి, పాత తేదీలు సరిచేసి, తెగిన లంకెలు తొలగించి, ఒక కొత్త సంగతి చేర్చినచో చాలును. ఊరిలో వెబ్‌సైటు పెట్టదలచిన వానిని సభ్యులు మొదట రెండు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి: “పేరు నీ పేరనే ఉన్నదా? వచ్చే ఏడు దీనిని ఎవరు చూచెదరు?” ఈ రెండింటికి సరియైన సమాధానము లభించిన నాడు ఆ వెబ్‌సైటు ఊరికి ఉపకరించును, ఊరి పేరును నిలుపును.