పాల వ్యాను గేరుబాక్సు ఆయిలు

వేసవిలో పాల వ్యాను దారిలో ఆగిపోతే క్యాన్లలోని పాలు విరిగిపోతాయి. ఆ నష్టం సభ్యులందరిదీ. కనుక ఇంజను ఆయిలుతోపాటు గేరుబాక్సు ఆయిలును కూడా సంఘం వారు చూపించుకొనవలెను.

బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టవలెను. చాలా వ్యాన్లకు గేరుబాక్సు ప్రక్కన ఒక ప్లగ్గు ఉంటుంది. దానిని విప్పితే ఆయిలు రంధ్రం అంచు వరకు కనిపించవలెను. తగ్గితే బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయవలెను. మాటిమాటికీ తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతున్నదని గ్రహించవలెను.

పాలలో నీరు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది. ఆయిలులో నీరు చేరితే దాని రంగే చెబుతుంది; పాలవలె తెల్లబడుతుంది. వాగునీటిలో దిగిన బండిని అందుకే తప్పక చూడవలెను. తెల్లబడిన ఆయిలును వెంటనే మార్పించి, తేదీని లాగ్‌బుక్కులో వ్రాయించవలెను.