మీకు తెలుసా? కార్మెన్‌లో పిల్లల కవాతు

జార్జ్ బిజే ఫ్రెంచ్ ఒపేరా ‘కార్మెన్’ (1875) మొదటి అంకంలో కాపలా మారే సైనికుల వెంట కవాతు చేస్తూ వీధి పిల్లలు పాడే అద్భుతమైన బృందగానం ఉంది. ముందు తెర వెనక నుంచి బాకా మోగుతుంది. తర్వాత రెండు పికొలోలు, అంటే కీచు స్వరంతో పలికే చిన్న ఫ్లూట్లు, జంటగా అందుకుంటాయి. వాటి కింద వయొలిన్లు కమాను పక్కనపెట్టి వేళ్లతో తీగలు మీటుతాయి. బాకా శబ్దాన్ని పిల్లలు నోటితోనే అనుకరిస్తారు. మంచి స్టీరియో రికార్డులో ఆ దండు దూరం నుంచి వచ్చి, మళ్లీ దూరమవడం చెవికే కనిపిస్తుంది. అయితే 1908లో జర్మన్ భాషలో ‘కార్మెన్’ మొత్తం రికార్డయ్యేనాటికి మైకుల్లేవు. గాయకులంతా ఒక గరాటు ముందు గుమిగూడి పాడాల్సిందే. 1925లో విద్యుత్ రికార్డింగ్ వచ్చాకే పెద్ద బృందాల గొంతులు నిండుగా వినిపించాయి.