వ్యాధి తగ్గిన పిదప: వృద్ధులలో మూత్రబాధయు మనోవ్యాకులతయు

క్యాన్సరు చికిత్స ముగిసి, వ్యాధి జాడ లేదని వైద్యుడు చెప్పిన దినము ఇంటిల్లిపాదికిని పండుగ వంటిది. ఐనను కొన్ని నెలలు గడచునప్పటికి ఆ ఇంటి పెద్ద పెండ్లిండ్లకు పోవుట మానును. కోవెలకు పోవుట మానును. బస్సు ప్రయాణమనిన ఏదో యొక సాకు చెప్పును. రాత్రి పలుమారులు లేచుచు, పగలు ఒక మూల కూర్చుండి, పలుకరించినను ముక్తసరిగా బదులు చెప్పును. ఇంటివారు దీనిని ముసలితనమందురు. లేదా వ్యాధి మిగిల్చిన నీరసమందురు. పెక్కుసారులు అసలు కారణము తడిసిన పంచె, తడిసిన చీర. ఆ మాట ఆయన ఎవరికిని చెప్పడు. ఆమె అసలే చెప్పదు.

పురుషులలో మూత్రాశయమునకు దిగువనే ప్రోస్టేటు గ్రంథియు, స్త్రీలలో దానిని ఆనుకొనియే గర్భాశయమును ఉండును. కావున ఈ అవయవములకు చేయు చికిత్స పొరుగుననున్న మూత్రాశయమునకును తగులుచుండును. ప్రోస్టేటును శస్త్రచికిత్సచే తొలగించిన పిదప దగ్గినను, తుమ్మినను, బరువెత్తినను మూత్రము జారుట సామాన్యము. పెక్కుమందికి మొదటి సంవత్సరములోనే ఇది చాలవరకు తగ్గును. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు మన దేశపు స్త్రీలలో మిక్కిలిగా కనబడు క్యాన్సరులలో నొకటి. దానికి చేయు కిరణచికిత్స వలన, జనులు "కరెంటు పెట్టుట" అనునది ఇదియే, మూత్రాశయపు గోడ బిరుసెక్కవచ్చును. ఆరోగ్యముగా నున్న మూత్రాశయము సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. బిరుసెక్కినది అంత పట్టజాలదు. మాటిమాటికి పోవలసివచ్చును, వచ్చిన తొందర ఆగదు. ఈ బాధ చికిత్స ముగిసిన అనేక సంవత్సరములకు సైతము తలయెత్తవచ్చును గనుక, పాత వ్యాధితో దీనికి గల సంబంధము ఎవరికిని తోచదు.

ఇక మనస్సు సంగతి. నిద్ర చెడును, నలుగురిలోనికి పోవుట తగ్గును, వాసన వచ్చునేమో యను భయము వెంటాడును. క్రమముగా మనస్సు క్రుంగును. క్రుంగినవారికి లేచి నడచుటకుగాని, వ్యాయామము చేయుటకుగాని, వైద్యునియొద్దకు పోవుటకుగాని ఉత్సాహముండదు. అందుచే మూత్రబాధ మరింత ముదురును. ప్రోస్టేటు క్యాన్సరునకు హార్మోను చికిత్స పొందువారిలో ఆ చికిత్సయే మనోవ్యాకులతకు కారణము కావచ్చును. వృద్ధులు "నాకు విచారముగా నున్నది" అని చెప్పుట అరుదు. ఒళ్లు నొప్పులనియు, ఆకలి లేదనియు, నిద్ర పట్టదనియు చెప్పుదురు. దిగులుగాని, మునుపు ఇష్టమైనవానియందు నిరాసక్తిగాని రెండు వారములకు మించి నిలిచినచో వైద్యునకు చెప్పవలెను. "దేవుడు నన్నింకను తీసికొనిపోడేమి" అను మాటను మన ఇండ్లలో వాడుకగా కొట్టివేయుదుము, అది తగదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసినచో, పగలనక రాత్రియనక, ఉచితముగా, తెలుగులోనే సలహా లభించును.

మూత్రము జారునని నీరు త్రాగుట మానుకొనువారు పలువురు. చిక్కబడిన మూత్రము మూత్రాశయమును మరింత రేపును. మలబద్ధకము కలుగును, అదియు మూత్రాశయమును నొక్కును. పగలు చాలినంత త్రాగి, పడకకు రెండు మూడు గంటల ముందు తగ్గించుట మేలు. కాఫీ, టీలు తగ్గించి చూడవచ్చును.

కటి అడుగున గల కండరములకు నేర్పు వ్యాయామమును అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వివరించెను. దీనికి పరికరమేదియు నక్కరలేదు. అపానవాయువును ఆపుకొనునట్లు ఆ కండరములను లోనికి బిగించి, ఐదు లెక్కించువరకు నిలిపి, అంతసేపే వదలవలెను. ఇట్లు పదిసారులు, దినమునకు మూడు పర్యాయములు. ఊపిరి బిగబట్టరాదు, పొట్టను, తొడలను బిగింపరాదు, మూత్రము పోయుచు మధ్యలో ఆపుటను అలవాటు చేసికొనరాదు. ఫలము కనబడుటకు మూడు నెలలు పట్టవచ్చును. వారము దినములకే విసిగి మానువారే ఎక్కువ. మూత్రము పూర్తిగా పోనివారును, కిరణచికిత్స పొందినవారును ముందుగా వైద్యుని అడుగవలెను.

మందుల విషయమున ఒక చిక్కు కలదు. మనోవ్యాకులతకు వాడు పాత మందులలో ఎమిట్రిప్టిలిన్ వంటివి, ముఖ్యముగా వృద్ధ పురుషులలో, మూత్రమును బిగబట్టవచ్చును. మూత్రపు తొందరను అణచు ఆక్సీబ్యుటినిన్ వృద్ధులలో మతిమరపును, తికమకను కలిగింపవచ్చును. ఒక వైద్యుడిచ్చినది మరియొక వైద్యునకు తెలియకున్న, ఒక బాధకు వేసిన మందు రెండవదానిని పెంచును. తమంతట తాము మందు మానుటయు తగదు.

రాత్రివేళ తొందరగా లేచి చీకటిలో జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొనువారు కలరు. పడక ప్రక్కన చిన్న దీపము, అందుబాటులో పాత్రయో కమోడు కుర్చీయో ఉంచవలెను. పెండ్లికి పోవునప్పుడు పెద్దలకై అమ్ము డైపరు ధరించుటలో చిన్నతనమేమియు లేదు. ఇంటనే కూర్చుండుటకన్న అది ఎంతో మేలు. మూత్రములో నెత్తురు కనబడినను, జ్వరముతో మంట కలిగినను, మూత్రము బొత్తిగా రాకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

తక్కినవారు ఆసుపత్రికి పోవుటకు ముందు మూడు దినములు ఒక లెక్క వ్రాసికొనుట మంచిది: త్రాగినదెంత, ఏ గంటకు ఎంత మూత్రము పోయినది, బట్ట తడిసినదా లేదా. కొలతకు గీతలు గల ప్లాస్టిక్ మగ్గు చాలును. వ్రాయలేనివారికి మనుమడో మనుమరాలో వ్రాసిపెట్టవచ్చును. ఆ కాగితమును, పాత చికిత్స పత్రములను, వాడుచున్న మందులన్నిటిని ఒకే సంచిలో పెట్టుకొని పోవలెను.